కింద ఉన్నవాళ్ళ కోసం

మరాఠీ గడ్డ మీది బాబుపేట్‌లో బడి వదిలేశారు. సిస్టర్ల ఇంటి ముందుగదిలో మల్లవ్వ కుర్చీ అంచు మీద కూర్చుంది. బొగ్గు గనిలో పనిచేసేవాడి భార్య. సిస్టర్ సుభాషిణి ఎదుట నిండుగా కూర్చునే ధైర్యం ఆమెకు ఏనాడూ లేదు, ఇవాళ అసలే లేదు.

"ఒక్క మాట సిస్టరమ్మ. ఒక్కటంటె ఒక్కటే. మా ఉజ్వల రేపు, నాకు కల వచ్చింది సార్, కలల చూసింది బడి మైకుల చెప్పిన అంటె అయిపాయె. గంతే."

"కల రాలేదు కదమ్మా ఆ పిల్లకి."

"రాలే. వస్తె నేను గిక్కడిదాక ఎందుకొస్త?"

"ముందు టీ తాగండి. చల్లారిపోతోంది."

"చాయ్ ఏడికి పోతది. రేపు పొద్దుగాల కంపెనీల చౌకశి చేసెటోళ్ళు వస్తరట మీ బడికి. పోరిని కూసుండవెట్టి అడుగుతరట, మీ బాపు అసల్ పేరేంది అని. గప్పుడది ఏం చెప్పాలె?"

"ఏం చెప్పాలో నేనెలా చెబుతానమ్మా? విచారణ వాళ్ళది. అడిగేది పాపని. మధ్యలో నేను..."

"మధ్యల మీరే ఉన్నరు. నేను చెప్పిన, ఇన్లే. వాళ్ళ బాపు చెప్పిండు, ఇన్లే. సిస్టర్‌ను అడుగుత, సిస్టర్ చెప్పమంటె చెప్త అంటది. కన్నది నేను, మాట మీది."

"పాప ఏదీ?"

"బయట బడి గంట కింద కూసున్నది. పిలువకుండ్రి గిప్పుడే."

"గేటు దగ్గర ఎవరో నిలబడ్డారు. మీతో వచ్చారా?"

"ఎల్లేష్. నాకు మరిది వరస. షిఫ్ట్‌కు పోతుండు, నేను ఒక మాట చెప్తె పట్టుకపోదామని ఆగిండు."

"ఏం మాట?"

"చెప్త. ముందుగాల మీరు చెప్పుండ్రి."

"భూమన్న గారు రాలేదేం? ఇవాళ ఆయనకి సెలవు కదా. ఇలాంటి విషయానికి ఇద్దరూ వస్తే బాగుండేది."

"ఆ పేరు జర మెల్లగ అనుండ్రి సిస్టరమ్మ."

"అలవాటైపోయింది. ఐదేళ్ళుగా అదే పేరు."

"నాకు అంతకంటె ఎక్కువ ఏండ్ల సంది. ఇంట్ల పోచన్న, కడప దాటితె భూమన్న. నిద్రల గూడ తప్పు పిలువలే నేను. గా పోరి ఒక్క రోజుల అంత బయట వెట్టింది."

"తెలియక చెప్పింది. నాకూ తెలియలేదు. ఆ రోజు బడి ప్రార్థనలో మైకు ముందు ఏం చెప్పిందో మాటలు అర్థమయ్యాయి గాని, సంగతి అర్థం కాలేదు. పెత్రమాస అంటే మా గుంటూరు వైపు మా ఇళ్ళల్లో ఎవరికీ తెలీదు. పిల్ల దేనికో భయపడింది అనుకున్నాను. అందరినీ తల వంచమన్నాను."

"పెత్రమాస అంటె పెద్దల అమాస. ఇంట్ల సచ్చినోళ్ళది ఒక్కొక్కళ్ళ పేరు తీసుడు, ఒక్కొక్క ముద్ద పెట్టుడు. మా మామ పేరు, మా అత్త పేరు. బతికినోళ్ళ పేరు ఆ రోజు ఎవ్వరు తియ్యరు."

"మరి ఆయన తన పేరే..."

"ఆయనది కాదు గద."

"అవును. కాదు."

"ఏండ్ల సంది తలుపు పెట్టుకొని, పెదవులు గూడ కదలకుంట అంటడు ఆ ఒక్క పేరు. ఈ ఏడు పోరి దీపం పట్టుకున్నది. పెద్దగైంది, పట్టుకోని అన్నడు. ఇన్నది. మూడు ముద్దల్ల ఒక ముద్ద మా బాపుది అనుకున్నది. రాత్రంత ఆయన పక్కకు పండుకొని ఊపిరి ఆడుతుందా అని చెయ్యి పెట్టి చూసిందట."

"నాతో ఒక్క ముక్క చెప్పలేదే."

"మైకుల చెప్పింది గద. మీరే నేర్పిండ్రు, బరువు ఉంటె అందరి ముంగట దింపుకోవాలె అని."

"రోజూ ఒక పిల్ల వచ్చి ఎవరి కోసం ప్రార్థించాలో చెబుతుంది. అది ఈ బడిలో మొదటినుంచీ ఉంది. ఇంటి భాషలో చెప్పమన్నది మాత్రం నేనే. అంతకు ముందు అంతా ఇంగ్లీషులో బట్టీ పట్టి అప్పజెప్పేవాళ్ళు. గోండు పిల్ల గోండీలో చెప్పాలి, మరాఠీ పిల్ల మరాఠీలో చెప్పాలి, అప్పుడే అది మనసులోంచి వస్తుంది అని మీటింగులో వాదించి మరీ ఒప్పించాను."

"ఇంగ్లీషుల చెప్తె మంచిగుంటుండె. నల్ల కాడ ఎవ్వరికి సమజ్ కాకపోతుండె."

"మైకు అక్కడిదాకా వినిపిస్తుందని నాకు తెలీదమ్మా."

"మా క్వార్టర్ల లైన్ మొత్తం ఇనవడ్తది. నేను బిందె పెట్టుకొని ఉన్న. 'పెత్రమాస నాడు సచ్చినోళ్ళతోని కలిపి మా బాపు పేరు తీసిండ్రు. మా బాపు సావొద్దు, అందరు దండం పెట్టుండ్రి.' గిదే అన్నది. నా బిందె నిండి పారుతనే ఉన్నది, నాకు తెల్వలే. ఎన్క మా లైన్ల ఉండె ధనరాజ్ పెండ్లాం రాజక్క ఉన్నది. ఒక్క మాట అన్లే. నా దిక్కు చూసి, నల్ల బంద్ చేసి, తన బిందె పట్టుకొని పోయింది. నింపుకోకనే పోయింది."

"వాళ్ళే కంపెనీకి చెప్పారంటారా?"

"ఇంకెవ్వలు చెప్తరు? ధనరాజ్ బామ్మర్ది గూడ మా ఆయన లెక్కనే, ఇంకొకని పేరు మీద చేస్తుండె. నిరుడు దొరికిండు, తీసేసిండ్రు. గప్పటి సంది వాళ్ళకు కడుపు మంటనే. మేమే మునగాల్నా, మీరు గూడ మునుగుండ్రి అన్నట్టు. పోయిన, రాజక్క ఇంటి మీదికి పోయిన. నోటికొచ్చినట్టు తిట్టిన. మేం గాదు మల్లవ్వ అని ఏడ్సింది. ఏడువనీ. బతుకమ్మ నాడు ఆమె పక్కకు గూడ నిలబడలే నేను."

"ఒకవేళ వాళ్ళు కాకపోతే?"

"చౌకశి పెట్టిన కంపెనీ సాబ్‌కు తెలుగొస్తదా? సాబ్ కొడుకుకు వస్తదా?"

"శ్రేయస్‌కి రాదు. ఉజ్వల పక్క బెంచీలోనే కూర్చుంటాడు, ఒక్క తెలుగు ముక్క రాదు."

"గందుకే చెప్తున్న. తెలుగోడే చెప్పిండు."

"అసలు ఆయన... మీ ఆయన వేరే వాళ్ళ పేరు మీద ఎందుకు చేరాడమ్మా? తన పేరుతోనే చేరొచ్చు కదా."

"ఎవ్వలిస్తరు? నౌకరి దొరికింది మా బావకు, అంటె మా ఆయన అన్నకు. భూమన్న. మంచిర్యాల దిక్కు నుంచి వచ్చి చేరిండు, ఆర్నెల్లు చేసిండు, జరమొచ్చి ఇంటికి పోయి సచ్చిపోయిండు. గప్పటికి మా ఆయనకు మీసం గూడ సరిగ రాలే. మా మామ ఏం చేసిండు, పెద్దోని టోపి చిన్నోని నెత్తిమీద పెట్టి తెచ్చి గని ముంగట నిలబెట్టిండు. మొకాలు ఒక్క తీరుగనే ఉండె. హాజరి పిలిస్తె పలికిండు. గంతే."

"ఎవరూ అడగలేదా?"

"గప్పుడు అందరు గట్లనే. బొగ్గు ఎత్తెటోని పేరు ఎవ్వనికి కావాలె? చేతులు కావాలె. గిప్పుడు పేర్లు ఏరుతుండ్రు."

"మరి మీ బావ గారికి అంత్యక్రియలు..."

"కాలవెట్టిండ్రు. పేరు తీసి ఏడ్వొద్దన్నడు మా మామ. మా అత్త గిక్కడికి వచ్చి మా ఇంట్ల ఉన్నన్ని దినాలు బతికిన కొడుకును సచ్చిన కొడుకు పేరుతోని పిలిచింది. భూమన్న, అన్నం తిను. భూమన్న, పండుకో. అని లోపటికి పోయి కొంగు నోట్ల కుక్కుకునేది. ఆమె సచ్చేటప్పుడు గూడ భూమన్నా అనే పిలిచింది. ఎవ్వలిని పిలిచిందో మాకు ఇప్పటికి తెల్వది."

"దేవుడా."

"దొంగతనం చెయ్యలే సిస్టరమ్మ. పని ఆయననే చేసిండు. చెమట ఆయనదే. దగ్గు గూడ ఆయనదే. పేరొక్కటే ఆయనది గాదు."

"నాకు తెలుసమ్మా. నేను కాదనడం లేదు."

"మరి చెప్పుండ్రి పోరికి."

"అది మాత్రం... చూడండి. ఉజ్వల రెండో తరగతిలో ఒక పిల్ల పెన్సిలు డబ్బా తీసింది. ఎవరూ చూడలేదు, ఎవరూ అడగలేదు. రెండు రోజులు అన్నం తినకుండా ఉండి, తనే వచ్చి నా చేతిలో పెట్టింది. నేను కొట్టలేదు, తిట్టలేదు. ఒళ్ళో కూర్చోబెట్టుకుని, నిజం చెప్పినవాళ్ళని ఎవరూ ఏమీ చెయ్యరమ్మా అన్నాను. అప్పటినుంచీ నా మాట మీదే నడుస్తోంది ఆ పిల్ల. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని వెళ్ళి అబద్ధం చెప్పు అనను?"

"మీ ఒడిల ఏం గాదు సిస్టరమ్మ. మా ఇండ్లల్ల అయితది. నౌకరి పోతది. క్వార్టర్ ఖాళీ చెయ్యమంటరు. కేసు గూడ పెడ్తరట, దగా చేసిండని. గీ వయసుల ఆయన జేలుకు పోతె పోరిని పట్టుకొని నేనేడికి పోవాలె? ఊర్లె మాకు జానెడు జాగ లేదు. లేక లేక పుట్టింది ఒక్కతి."

"నేను నాగపూర్‌కి ఫోన్ చేశాను. మా పెద్ద మదర్‌కి."

"ఏమన్నరు?"

"ప్రార్థన చెయ్యమన్నారు."

"మంచిదే. ఇంకేమన్నరు?"

"అంతే."

"సిస్టరమ్మ, మీకు దాచిపెట్టుడు రాదు. ఇంకేమన్నరు?"

"బడి పేరు ఇందులోకి రాకూడదన్నారు. నన్ను దూరంగా ఉండమన్నారు. ఈ స్థలం కంపెనీదమ్మా. వాళ్ళు ఇస్తేనే ఉన్నాం, వద్దంటే లేచిపోవాలి."

"అంటె మీరు గూడ మా లెక్కనే. వాళ్ళ క్వార్టర్లనే ఉన్నరు."

"అనుకోండి."

"గీ బడి ఎవ్వల కోసం పెట్టిండ్రు?"

"మీ కోసమే. మొదట వచ్చిన సిస్టర్లు గని పక్కన రేకుల షెడ్డులో పెట్టారు. గనిలోకి దిగినవాళ్ళ పిల్లలు తప్ప ఇంకెవరూ ఉండేవాళ్ళు కాదు. పొద్దున్నే తండ్రులు దిగేవాళ్ళు, పిల్లలు ఇక్కడ నిలబడి కింద ఉన్నవాళ్ళు క్షేమంగా పైకి రావాలి అని దండం పెట్టేవాళ్ళు. ఆ ప్రార్థన ఇప్పటికీ ఉంది. అన్నిటికంటే ముందు అదే."

"ఉన్నది. నేను గూడ ఇంట. మరి దిగెటోళ్ళ పిల్లలు ఎంతమంది ఉన్నరు గిప్పుడు?"

"ఉజ్వల క్లాసులోనా?"

"ఆ."

"ఉజ్వల ఒక్కతే."

"మిగిలినోళ్ళు?"

"డాక్టర్ల పిల్లలు. ఆఫీసర్ల పిల్లలు. వ్యాపారం చేసుకునేవాళ్ళు. నేను కొట్లాడి తెచ్చాను ఉజ్వలకి సీటు. అది చెప్పుకోడానికి కాదు..."

"తెలుసు. మీ కాళ్ళు కడిగి నెత్తిన చల్లుకుంటం. కాని ఒక్క పిల్లనే తెచ్చిండ్రు సిస్టరమ్మ, ఆ ఒక్క పిల్లనన్న కాపాడుకోరాదుండ్రి?"

"ఫాదర్ గారిని అడిగి చూస్తాను. రేపు పొద్దున్నే..."

"రేపు పొద్దుగాల వాళ్ళొస్తరు. ఇయ్యాల చెప్పాలె. గిప్పుడు చెప్పాలె."

"ఇంత తొందర పెడితే నేను..."

"ఎల్లేష్ షిఫ్ట్ టైమైతంది."

"ఎల్లేష్ షిఫ్టుకీ దీనికీ ఏమిటమ్మా సంబంధం? ఇందాకటినుంచీ గేటు వైపే చూస్తున్నారు. భూమన్న గారు ఎక్కడున్నారు?"

"పనికి పోయిండు."

"సెలవు కదా."

"ఉండె. తోటి పనోడు వినాయక్ బదులు నేను పోత అని అడుక్కొని పొద్దుగాలనే దిగిండు. షిఫ్ట్ అయిపోయినా పైకి రాలే, ఇంకో షిఫ్ట్ గూడ చేస్త అన్నడట. వినాయక్‌కు ఏం, సంబురమే."

"రేపు విచారణ పెట్టుకుని ఇవాళ సెలవు వదులుకుని దిగారా? మల్లవ్వ గారూ, ఎందుకు దిగారు?"

"సద్ది కట్టబోయిన. వద్దన్నడు. ఆకలి గాదు అన్నడు. కడప కాడ నిలబడి అన్నడు, భూమన్న భూమన్నగనే గనిల పోతె ఎవ్వలు చౌకశి చెయ్యరు మల్లి, నీకు ఇల్లుంటది, పోరికి సదువుంటది అని. పోరిని లేపకు అన్నడు. నేను ఏదో మాటకు అన్నడు అనుకున్న. పొయ్యి మీద పాలు పొంగుతున్నయి, అటు ఉరికిన. మల్ల చూస్తె లేడు."

"ఇది ఇప్పుడా చెప్పేది?"

"ఎట్ల చెప్పాలె? నోటితోని అంటె నిజమైతదేమో అని. పగటిపూట ఎల్లేష్ వచ్చి చెప్పిండు. కింద కప్పు మంచిగ లేని జాగ ఒకటున్నదట, ఎవ్వలు పోవద్దని తాడు కట్టిండ్రట. నిన్నటి సంది మా ఆయన ఆ తాడు దిక్కే చూస్తుండట."

"మేనేజరుకి ఫోన్ చేద్దాం. నేను చేస్తాను. వెంటనే పైకి తీసుకురమ్మందాం."

"ఏమని చెప్తరు? భూమన్న అనే పోచన్న సావనీకి దిగిండు, జర పైకి తెమ్మని చెప్తరా? పైకి తెస్తరు. తెచ్చి ఏం చేస్తరు? ఇంక ఆయన మల్ల ఒక్క రోజు గూడ ఆగడు. మీరు గనిల ఆపితె ఇంట్ల పాణం తీసుకుంటడు."

"ఎల్లేష్ వెళ్ళి తీసుకురాలేడా?"

"ఉత్తగ రా అంటె రాడు. మీ మాట పట్టుకపోతె వస్తడు. సిస్టర్ పోరికి చెప్పిందట, పోరి రేపు నోరిప్పదట అంటె చాలు. నేను చెప్తె నమ్మడు, ఎల్లేష్ ఒట్టు వేస్తె నమ్మడు. మీరన్నరంటె నమ్ముతడు. మీరు అబద్ధం చెప్పరని బొగ్గు గని కాలరీ అంత ఎరుకే."

"ఆగండి. నన్ను ఆలోచించుకోనివ్వండి."

"ఆయన కింద ఉన్నడు."

"తెలుసు. వినండి. అబద్ధం చెప్పమని చెప్పను. మాట్లాడొద్దని చెబుతాను. వాళ్ళు ఏమడిగినా నోరు తెరవొద్దు అంటాను. మాట్లాడకపోవడం అబద్ధం కాదు. కాదు కదా? పన్నెండేళ్ళ పిల్ల, భయపడింది, మాట్లాడలేదు. బలవంతం చెయ్యడానికి నేను ఒప్పుకోను. పక్కనే కూర్చుంటాను. మదర్ ఏమన్నా అననివ్వండి."

"గది చాలు. గంతకంటె ఏమొద్దు. మీ కడుపు సల్లగుండ."

"పాప నోటితో సరే అనిపించుకుందాం. తరవాత ఎల్లేష్‌ని పంపించండి."

"ఉజ్వలా. ఓ ఉజ్వలా. లోపటికి రా బిడ్డ, సిస్టర్ పిలుస్తుంది."

"గుడ్ ఈవినింగ్ సిస్టర్."

"ఇలా రామ్మా. నా పక్కన కూర్చో. రేపు కొంతమంది వస్తారు, తెలుసు కదా?"

"తెలుసు. శ్రేయస్ వాళ్ళ పప్పా గూడ వస్తడు."

"వాళ్ళు నిన్ను మీ నాన్న గురించి అడుగుతారు. నువ్వు అబద్ధం చెప్పొద్దు. నిజమూ చెప్పొద్దు. ఏమీ మాట్లాడొద్దు. తల వంచుకుని కూర్చో. నేను చూసుకుంటాను. సరేనా?"

"ఎందుకు సిస్టర్?"

"మీ నాన్న కోసం."

"బాపు కోసమే చెప్పిన సిస్టర్ నేను."

"మైకులో చెప్పావు. అది అయిపోయింది. ఇక ముందు..."

"మైకుల గాదు. మైకుల చెప్తె ఏం గాలే. అందరు దండం పెట్టిండ్రు, తెల్లారి బాపు మల్ల దిగిండు. ఆ తెల్లారి మల్ల దిగిండు. గందుకే శ్రేయస్ వాళ్ళ పప్పాకు చెప్పిన."

"ఏందే? ఎవ్వలికి చెప్పినవ్?"

"శ్రేయస్‌ను తీస్కపోనీకి కార్ల వస్తడు గద అమ్మ. గేటు కాడ చెప్పిన."

"ఏమని చెప్పావమ్మా?"

"మా బాపు భూమన్న గాదు, పోచన్న. భూమన్న పెద్దబాపు ఎప్పుడో సచ్చిపోయిండు. మా బాపును కిందికి దింపకుండ్రి అని చెప్పిన. మైకు తెల్లారి బాపు నాకు చెప్పిన సంగతే, మరాఠీల చెప్పిన, మంచిగ సమజ్ కావాలని."

"ఎప్పుడు?"

"మొన్నొకసారి. ఇయ్యాల బడి ఇడిసినంక మల్ల. ఇయ్యాల ఆయన ఫోన్ల రికార్డ్ చేసుకున్నడు. రేపు గూడ గిట్లనే చెప్పాలె అన్నడు."

"నీ తోలు తీస్త పోరి. ఎందుకు చెప్పినవే? నీకు ఎవ్వలు చెప్పుమన్నరే?"

"కొట్టకండి. మల్లవ్వ గారూ, వదలండి. ఉజ్వలా, ఎందుకు చెప్పావమ్మా?"

"ధనరాజ్ మామ వాళ్ళ బామ్మర్దిని తీసేసిండ్రు గద సిస్టర్. ఆయన ఇప్పుడు దిగుతలేడు. గోల్ బజార్ల కూరగాయలు అమ్ముతుండు. రోజు పొద్దుమూకితె ఇంటికి వస్తుండు. వాళ్ళ పోరి గని గేటు కాడ నిలబడి ఎదురు చూసుడే లేదు. మా బాపును గూడ తీసేస్తె మంచిగుంటది అనుకున్న. సాబ్ మాటిచ్చిండు. ఇగ మీ బాపును ఎవ్వలు కిందికి దింపరు అన్నడు."

"రాజక్క..."

"రాజక్క అత్త ఏం చెప్పలేదమ్మ. నువ్వు తిట్టేటప్పుడు నేను చెప్పబోయిన. నువ్వు నన్ను నూకి పోయినవ్."

"ఇగ ఏం లేదు సిస్టరమ్మ. ఇగ ఏం చెప్పేది లేదు. ఎల్లేష్‌ను పొమ్మంట."

"కూర్చోండి. పొమ్మనొద్దు."

"ఏం మాట పట్టుకపోతడు? రికార్డ్ చేసిండట. రేపు నోరిప్పితె ఏంది, ఇప్పకపోతె ఏంది."

"రేపటి సంగతి నాకు తెలీదు. ఇవాళ మనిషి పైకి రావాలి."

"బాపు దిగిండా? అమ్మ, బాపుకు ఇయ్యాల సెలవు గద. ఇంట్ల లేడా బాపు?"

"లేడు బిడ్డ."

"ఎందుకు దిగిండు?"

"నీ కోసమే దిగిండు."

"సిస్టర్, బాపును పైకి రమ్మని చెప్పుండ్రి. సిస్టర్, చెప్పుండ్రి."

"ఎల్లేష్. ఇలా రా నాయనా."

"చెప్పుండ్రి సిస్టరమ్మ. టైమైపోయింది, హాజరి తీసుకుంటుండ్రు. వదినె, ఏడుస్తున్నవేంది? అన్నకు ఏం చెప్పాలె?"

"భూమన్నకి... మీ అన్నకి నా మాటగా చెప్పు. పాప..."

"ఆ. పోరి?"

"పాప ఎవరికీ..."

"జర జల్ది చెప్పుండ్రి. అన్న నన్ను అడుగుతడు, సిస్టర్ తన నోటితోని చెప్పిందా అని."

"నేను... పాప ఎవరికీ..."

"నేను ఎవ్వలికి ఏం చెప్పలే ఎల్లేష్ కాక. రేపు గూడ చెప్ప. బాపును పైకి రమ్మను. సిస్టర్ మీద ఒట్టు."